నిద్రలో మెదడు ఏం చేస్తుంది?

నిద్రపోతే మెదడు కూడా పూర్తిగా ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అందుకే బంధువులు పలకరించడానికి రాగానే రోగిని తట్టి లేపుతారు. ఇది ఎంతవరకు సరి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

నిద్రను చిత్రంగా చూపిన వైద్యుడు

తలకు వైర్లు అతికించి మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష 1920లలోనే మొదలైంది. కలలు ఎక్కువగా వచ్చే నిద్రలో కళ్లు రెప్పల కింద వేగంగా కదులుతాయని 1953లో తెలిసింది. అయితే ఆ సమయంలో మెదడు లోపల ఏ భాగం పనిచేస్తుందో ఈ పరీక్షలు స్పష్టంగా చూపలేవు.

బెల్జియం దేశంలోని లియేజ్ విశ్వవిద్యాలయానికి చెందిన నరాల వైద్యుడు పియర్ మాకే ఈ ప్రశ్నను పట్టుకుని ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆయన ఉపయోగించిన సాధనం పెట్ స్కాన్. ఇందులో ఒక పద్ధతిలో కొద్దిపాటి రేడియోధార్మికత గల గ్లూకోజును నరం ద్వారా ఎక్కిస్తారు. మెదడులో ఎక్కువ పనిచేసే భాగం ఆ గ్లూకోజును ఎక్కువగా తీసుకుంటుంది. ఆ తేడా చిత్రంలో కనబడుతుంది. క్యాన్సరు రోగులకు సాధారణంగా చేసే పెట్ స్కాన్ కూడా ఇటువంటిదే.

ఆయన బృందం కనుగొన్న సంగతులు

1. 1990: గాఢనిద్రలో మెదడు వాడే గ్లూకోజు మెలకువతో పోలిస్తే సుమారు 40 శాతం తగ్గింది. కలల నిద్రలో మాత్రం దాదాపు మెలకువలో వాడినంతే వాడింది.

2. 1996: కలల నిద్రలో భయం, ఆందోళన వంటి భావాలకు సంబంధించిన అమిగ్డలా చురుకుగా ఉంది. ఆలోచించి నిర్ణయించే ముందుభాగంలో కొంత మేర పని తగ్గింది. కలలో వింత సంగతులు కూడా నిజమనిపించడానికి ఇది ఒక కారణం కావచ్చు.

3. 2004: కొందరికి కంప్యూటరులో ఒక ఊరి వీధులు చూపి దారులు నేర్పారు. ఆ రాత్రి గాఢనిద్రలో జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్ మళ్లీ చురుకైంది. అది ఎవరిలో ఎక్కువ చురుకైందో వారికి మరుసటి రోజు దారి మరింత బాగా గుర్తుంది.

అంటే నిద్ర వృథా సమయం కాదు. మెదడుకు అందులో విశ్రాంతీ ఉంది, పనీ ఉంది.

కుటుంబ సభ్యులు గుర్తుంచుకోవలసినవి

- పలకరింపుల కోసం రోగిని నిద్ర లేపకండి. మందులు, ఆహారం, పరీక్షల కోసం నర్సు లేపమన్నప్పుడు మాత్రం తప్పక లేపండి.
- రాత్రి లైట్లు, సెల్‌ఫోన్ శబ్దం, మాటలు తగ్గించండి.
- నిద్రమాత్రలను డాక్టరు చెప్పకుండా ఇవ్వకండి, మానకండి.
- రోగి దగ్గర ఉండేవారు వంతులు వేసుకుని నిద్రపోండి. నిద్రలేని మనిషికి డాక్టరు చెప్పిన జాగ్రత్తలు సరిగా గుర్తుండవు. మందులు ఇవ్వడంలో పొరపాటు జరగవచ్చు.

ముఖ్య గమనిక: నిద్ర వేరు, స్పృహ తప్పడం వేరు. నిద్రలో ఉన్న మనిషి గట్టిగా పిలిచి, భుజం తడితే లేస్తాడు. తలకు దెబ్బ తగిలినవారు, షుగరు ఉన్నవారు, జ్వరం తీవ్రంగా ఉన్నవారు పిలిచినా పలకకపోతే "పడుకున్నాడులే" అని ఊరుకోవద్దు. వెంటనే నర్సును పిలవండి. ఇంటి వద్ద అయితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.