మార్కులు తగ్గిన బిడ్డకు మనోధైర్యము

మార్కుల పట్టికను చూచిన పిమ్మట బిడ్డ తలిదండ్రుల ముఖము చూచును. అచట కనబడినదే తన విలువ యని తలచును. కావున ఆ దినమున పెద్దలు పలుకు మొదటి మాట మిక్కిలి ముఖ్యమైనది.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినవి. ఆ పిమ్మటి కొలది దినములలో సుమారు 20 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. ఫలితములలో పొరపాట్లు బయటపడినవి. మంచిర్యాల జిల్లాలో ఒక బాలికకు తెలుగులో సున్న వేయబడెను. మరల చూడగా ఆమె మార్కులు 99 అని తేలెను. తప్పినవారి జవాబు పత్రములను ప్రభుత్వము ఉచితముగా పునఃపరిశీలన చేయింపగా 1,137 మంది ఉత్తీర్ణులైరి.

సున్న వచ్చిన నాడును, 99 వచ్చిన నాడును ఆ బాలిక ఒక్కతెయే. అయితే పునఃపరిశీలనలో పెక్కుమంది మార్కులు మారలేదు. వారి విలువ మాత్రము తగ్గినదా? మార్కు ఒకనాటి జవాబు పత్రమునకు కొలత. బిడ్డకు కొలత కాదు.

కల్యాణమునందలి అనుభవ మంటపమున పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య బసవేశ్వరునితో సమముగా కూర్చుండిరి. కాయకమునకు హెచ్చుతగ్గులు లేవనుట దీని భావము. శంషాబాదు కుటుంబములకు ఇది కన్నుల యెదుటి సత్యమే. 2008లో ప్రారంభమైన అచటి విమానాశ్రయమున పైలట్, మెకానిక్, సామాను ఎత్తువారు, ఊడ్చువారు అందరును పని చేసిననే విమానము లేచును. ఒక పరీక్ష తప్పినంతమాత్రమున బ్రతుకు త్రోవలన్నియు మూసికొనిపోవు.

పెద్దల విధులు:

1. ఆ దినమున నిందింపరాదు. ఇరుగుపొరుగు పిల్లలతో పోల్చరాదు. బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని భుజింపవలెను.

2. బంధువులకు మార్కులు చెప్పుట బిడ్డ ఇష్టమునకు విడువవలెను.

3. మనస్సు కుదుటపడిన పిమ్మట ఏ విషయమున, ఏల తగ్గినవో కలసి చూడవలెను. మార్కుల కూడికపై సందేహమున్న రీకౌంటింగు, దిద్దుటపై సందేహమున్న రీవెరిఫికేషను కోరవచ్చును. గడువు కొలది దినములే యుండును. తప్పినవారు అదే సంవత్సరమున సప్లిమెంటరీ పరీక్ష వ్రాయవచ్చును.

4. బిడ్డ నిద్రాహారములు మానినను, బ్రతుకుపై విరక్తి పలికినను ఒంటరిగా విడువరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. 14416 నంబరునకు ఫోను చేసిన, టెలి మానస్ సలహాదారులు రేయింబవళ్లు ఉచితముగా మాటలాడుదురు.

మననము: ఫలితముల నాడు మన యింట మొదట వినబడు ప్రశ్న ఏది? “ఎన్ని వచ్చినవి?” అనియా, “భోజనము చేసితివా, నాయనా?” అనియా?