గొట్టం పొడుగు, గుళ్ల వేగం

మొన్న రేంజ్‌లో ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని అడిగింది: "సర్, నా 28 అంగుళాల తుపాకీ ఇచ్చేసి 32 అంగుళాలది తీసుకుంటాను. బ్యారెల్ పొడుగైతే గుళ్లు ఇంకా వేగంగా పోతాయి కదా?" ట్రాప్ మొదలుపెట్టి ఆమెకు ఏడాది కూడా కాలేదు. మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌లో ఆడిన ఆట ఇదే. గాల్లోకి లేచిన క్లే పళ్లేన్ని షాట్‌గన్‌తో పగలగొట్టాలి. ఆమె వయసులో నేనూ పొడుగు గొట్టాన్నే నమ్మాను. కానీ తుపాకీ మార్చడమంటే బోలెడు డబ్బు, పైగా లైసెన్సు పని. అందుకే ఆ సాయంత్రం ఆమెకు చెప్పినవన్నీ వరసగా రాస్తున్నాను.

1. ముందు గొట్టం లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. తూటా పేలగానే ఒత్తిడి మొదటి రెండు అంగుళాల్లోపే తారస్థాయికి చేరి, అక్కడి నుంచి దిగిపోతుంది. ఇప్పటి పొగలేని తుపాకీమందు చాలా తొందరగా కాలుతుంది, గొట్టం సగం దాటకముందే దాదాపు అంతా అయిపోతుంది. ఆ తర్వాత వాయువు వ్యాకోచిస్తూ గుళ్లను తోస్తూనే ఉంటుంది గానీ ఆ తోపులో బలం తక్కువ. కాబట్టి చివరి నాలుగంగుళాలు గుళ్లకు ఇచ్చేది చాలా కొంచెం.

2. ఆ కొంచెం ఎంత? 12 బోర్‌లో ఒక్కో అంగుళానికి సెకనుకు 5 నుంచి 10 అడుగులు. తూటా మామూలు వేగం 1200 అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. అంటే నాలుగంగుళాలు పెంచినా వచ్చేది 20 నుంచి 40 అడుగులు. ఒకే పెట్టెలోని రెండు తూటాల మధ్యే 20, 30 అడుగుల తేడా ఉండటం మామూలు. నేను 26 అంగుళాల తుపాకీనీ 30 అంగుళాల తుపాకీనీ ఒకే పెట్టె తూటాలతో వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు కాల్చి చూశాను. పొట్టి గొట్టం తూటాలు కొన్ని పొడుగు గొట్టం వాటిని మించి వెళ్లాయి. రెండు తుపాకుల లోపలి వ్యాసం, తూటా కూర్చునే చాంబర్ ముందున్న వాలు ఒకేలా ఉండవు మరి. క్రోనోగ్రాఫ్ కూడా ఒక్కోసారి గుళ్లను వదిలేసి, వాటిని తోస్తూ వెనకొచ్చే బిళ్ల అయిన వాడ్‌ను లెక్కిస్తుంది. అందుకని ఒకటి రెండు గుండ్లు కాల్చి తీర్పు చెప్పకూడదు.

3. మిగిలిన ఆ తేడాను గాలి తినేస్తుంది. గుండ్రటి చిన్న సీసపు గుళ్లు గాల్లో త్వరగా నెమ్మదిస్తాయి. 40 గజాలు వెళ్లేసరికి బయల్దేరిన వేగంలో సుమారు సగమే మిగులుతుంది. ఎక్కువ వేగంతో బయల్దేరినవి మరింత నష్టపోతాయి కాబట్టి మొదట్లో ఉన్న తేడా దారిలోనే చిక్కిపోతుంది. ఆమె నోట్‌బుక్‌లోనే లెక్క వేసి చూపించాను. సెకనుకు 20 మీటర్ల వేగంతో పక్కకు పోతున్న పళ్లెం 35 గజాల దూరంలో ఉంటే, నాలుగంగుళాల గొట్టం వల్ల తేలే తేడా మూడు నాలుగు సెంటీమీటర్లు. అక్కడికి చేరే గుళ్ల గుంపు వెడల్పేమో ముప్పాతిక మీటరు దాకా ఉంటుంది.

4. మరి పెద్దలు పొడుగు గొట్టాన్ని ఎందుకు మెచ్చుకున్నారు? వాళ్ల కాలానికి అది నిజం కనుక. నల్ల తుపాకీమందులో కాలాక సగానికి పైగా ఘన పదార్థంగానే మిగిలిపోతుంది, వాయువయ్యేది తక్కువ. అప్పటి తుపాకుల్లో నిప్పు అంటుకోవడమూ ఆలస్యమే. అందుకే అప్పట్లో పక్షుల తుపాకులకు 40 అంగుళాలు దాటిన గొట్టాలుండేవి. 1787లో లండన్‌లో హెన్రీ నాక్ అనే తుపాకుల తయారీదారు గొట్టం వెనక కొసన ఉండే కొత్త బ్రీచ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. మందు ఒక్కసారిగా, త్వరగా అంటుకునేలా చేశాడు. గొట్టాలు కురచ కావడానికి అదొక పెద్ద మలుపు. ఆ తర్వాత పొగలేని మందు వచ్చింది. 1920లలో లండన్‌లోనే రాబర్ట్ చర్చిల్ 25 అంగుళాల గొట్టంతో తుపాకులు చేసి, ఇవి చాలునని వాదించాడు. పాతకాపులు ఒప్పుకోలేదు, వాదన ఏళ్ల తరబడి నడిచింది. వేగం విషయంలో చర్చిల్ మాటే నిలబడిందని నా నమ్మకం. కానీ ఆ పొట్టి, తేలిక తుపాకీ చాలామంది చేతిలో చటుక్కున తిరిగి, అంతే చటుక్కున ఆగిపోతుంది.

5. ఇప్పుడు ట్రాప్ ఆడేవాళ్లు 30, 32 అంగుళాలు వాడేది ఇందుకే. ముందువైపు బరువుంటే తుపాకీ ఊపు నిలకడగా సాగుతుంది, గొట్టం పైన గురికి ఉండే రిబ్ పొడుగ్గా ఉంటే చూపు కుదురుతుంది. అయితే ఆ బరువు మోసే భుజం కూడా ఉండాలి. క్వాలిఫికేషన్‌లో 125 పళ్లేలు. ఈ అమ్మాయిది సన్నటి శరీరం. నాలుగో రౌండుకే ఆమె తుపాకీ మూతి కిందికి వాలడం నేను చూస్తూనే ఉన్నాను. ఆమె గురి తప్పేది గుళ్లు నెమ్మదిగా పోయినందుకు కాదు, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో తుపాకీని ఆపేస్తున్నందుకు. దానికి పొడుగు గొట్టం కొంత సాయపడవచ్చు. కానీ ముందు భుజానికి ఆనే స్టాక్ ఆమెకు సరిపోవాలి. అది ఆమె కంటే పొడుగాటి మనిషికి కొలిచి చేసిన స్టాక్.

6. వేగమే కావాలంటే తూటా మార్చాలి. దాంతో తన్నుడూ పెరుగుతుంది. ఆ తన్నుడు తిన్న భుజం తర్వాతి గుండుకు ముందే బిగుసుకుంటుంది.

7. గొట్టం కోయించే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం, అందుకు లైసెన్సు లేకుండా బ్యారెల్ కురచ చేయడం నేరం. గుళ్లను గుంపుగా ఉంచే ఇరుకు, అంటే చోక్, ఉండేది గొట్టం మూతి దగ్గరే కాబట్టి కోస్తే అదీ పోతుంది, గుళ్ల గుంపు చెదిరిపోతుంది. వేగం అంతగా తగ్గదు గానీ మోత మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. ఎందుకంటే మూతి దగ్గరకొచ్చేసరికి కూడా వాయువు ఇంకా ఎక్కువ ఒత్తిడిలోనే ఉంటుంది.

తర్వాతి ఆదివారం ఆమె తన 28 అంగుళాల తుపాకీతోనే వచ్చింది. స్టాక్ చివర రబ్బరు ప్యాడ్ విప్పించి, సన్నది వేయించుకుంది. కళ్లు మూసుకుని భుజానికెత్తమన్నాను. కళ్లు తెరిచి చూస్తే రిబ్ సరిగ్గా కంటి కిందే ఉంది. మొదటి రౌండులో 25కి 19. ఏమీ మాట్లాడకుండా ఇంకో పెట్టె తూటాలు తెచ్చుకోవడానికి వెళ్లింది.