సముద్రం అడుగు బురద చెప్పిన వానల కథ

అనంతపురం వైపు పల్లెల్లో ఒక మాట వినిపిస్తూ ఉంటుంది. కొత్త కోడలు వచ్చిన ఏడు వాన రాకపోతే "ఈమె పాదం మంచిది కాదు" అంటారు. వేరుశెనగ ఎండితే ఆ నింద ఆమె నెత్తిన వేస్తారు. కొందరు ఊరి పాపం అంటారు. కప్పలకు పెళ్లి చేస్తారు.

మరి ఈ కరువు ఎప్పటి నుంచి ఉంది?

ముసలివాళ్లను అడిగితే తమ చిన్ననాటి కరువు చెబుతారు. వాళ్ల పెద్దలు చెప్పిన ధాత కరువు సంగతీ చెబుతారు. అది 1876 నుంచి 1878 వరకు వచ్చిన కరువు. అంతకు ముందు వెయ్యేళ్ల కింద వాన ఎంత పడింది? నాలుగు వేల ఏళ్ల కింద ఎంత పడింది? అప్పుడు వానను కొలిచి రాసినవాళ్లు లేరు. కానీ ఆ లెక్క ఒకచోట దాగి ఉంది. సముద్రం అడుగున బురదలో ఉంది.

"సముద్రం యాడ, మనం యాడ?" అనిపిస్తుంది కదా! పెన్న నదిని చూడండి. అది కర్ణాటకలో నంది కొండల్లో పుడుతుంది. హిందూపురం వైపు నుంచి వస్తుంది. పామిడి, తాడిపత్రి మీదుగా పోతుంది. నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. పెన్న పారిన రోజున మన చేను మట్టి కూడా కొంత దానితో పోతుంది. నదులన్నీ ఇంతే. నీళ్లతో పాటు మట్టిని, ఆకును, అలమును మోసుకుపోతాయి. అవి సముద్రం అడుగుకు చేరి పొర మీద పొర పేరుకుంటాయి.

చెరువు పూడిక తీసే పనికి పోయిన ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. పైన నిన్నమొన్నటి ఒండ్రు ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ పాతది వస్తుంది. ఒక పొర ఇసుక, ఒక పొర జిగట మన్ను. సముద్రంలోనూ అదే వరుస. అక్కడ ఎవరూ పార వేయరు, ఎద్దులు తొక్కవు. అందుకే లోతు నీళ్ల కింద ఆ వరుస వేల ఏళ్లు చెదరకుండా ఉండగలదు.

గొట్టంతో బురద తీయడం

బోరు లారీ వచ్చి బోరు వేసేటప్పుడు అందరూ చూసే ఉంటారు. రాయి పొడి అయి, గాలికి ఎగిరి పైకి వస్తుంది. ఏది ఏ లోతుదో కలిసిపోతుంది. సముద్రంలో అట్ల చేస్తే పని చెడిపోతుంది. అందుకని లోపల బోలుగా ఉన్న పొడవాటి గొట్టాన్ని ఓడ మీద నుంచి దించి బురదలోకి గుచ్చుతారు. బొప్పాయి ఆకు కాడను తడి మట్టిలో గుచ్చి తీస్తే లోపల మట్టి కడ్డీలాగా నిలుస్తుంది కదా! ఇదీ అంతే. పైపొర పైనే ఉంటుంది, కింది పొర కిందే ఉంటుంది.

2006లో జాయిడిస్ రిజల్యూషన్ అనే ఓడ మన బంగాళాఖాతానికి వచ్చింది. అది వచ్చింది వానల లెక్కకు కాదు. సముద్రం అడుగున మంచుగడ్డలాగా గట్టిపడి ఉన్న గ్యాసును వెతకడానికి. కృష్ణా గోదావరి నదుల ఎదుట అడుగు నేలను తవ్వింది. గోదావరి సముద్రంలో కలిసే చోటుకు ఎదురుగా, 1,268 మీటర్ల లోతు నీళ్ల కింద ఒకచోట మంచి బురద కడ్డీ దొరికింది. గ్యాసు కోసం పోతే వానల చరిత్ర చేతికి వచ్చింది. శాస్త్రవేత్తలు ఆ బురదను పరీక్షించి 2012లో ఫలితం చెప్పారు. పది వేల ఏళ్ల లెక్క అది.

ఎలా తెలుస్తుంది?

బురదలో రెండు సాక్షులు ఉన్నాయి.

మొదటిది ఆకు మైనం. జిల్లేడు ఆకు మీద నీళ్లు పోస్తే నిలవవు, జారిపోతాయి. ఆకు మీద పలుచని మైనం ఉండడమే కారణం. ప్రతి ఆకుకూ ఎంతో కొంత ఉంటుంది. ఆకు కుళ్లినా ఆ మైనం త్వరగా చెడదు. ఏటి నీళ్లతో సముద్రానికి చేరుతుంది. చింత, వేప లాంటి చెట్ల మైనం ఒక రకం. ఎండకు ఓర్చుకునే బోద గడ్డి, జొన్న, కొర్ర లాంటి వాటి మైనం ఇంకో రకం. రెండింటిలో ఉండే కార్బనులో తేడా ఉంటుంది. యంత్రంతో కొలిస్తే అది పట్టుబడుతుంది. ఏ పొరలో గడ్డి మైనం ఎక్కువ ఉంటే, ఆ కాలంలో నేల ఎండుగా ఉందన్న మాట.

రెండవది గుల్లలు. సముద్రం పైనీళ్లలో కంటికి సరిగా ఆనని జీవులు బతుకుతాయి. గసగసాల కంటే చిన్నవి. అవి చచ్చాక వాటి గుల్లలు అడుగుకు రాలుతాయి. వానలు బాగా పడి నదులు నిండుగా పారితే తీరం దగ్గర సముద్రం ఉప్పు తగ్గుతుంది. వానలు తగ్గితే ఉప్పు పెరుగుతుంది. ఆ తేడా గుల్లలోని ఆక్సిజన్‌లో నిలిచిపోతుంది. గుల్ల ఏ కాలానిదో కూడా తెలుసుకోవచ్చు. బతికిన ప్రతి జీవిలోనూ ఒక రకం కార్బను ఉంటుంది. జీవి చచ్చాక అది 5,730 ఏళ్లకు సగం అవుతుంది. ఎంత మిగిలిందో కొలిచి వయసు కడతారు.

బురద ఏం చెప్పింది? నాలుగు వేల ఏళ్ల కిందటి నుంచి గోదావరి పారే సీమలో ఎండు నేల మొక్కలు మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చాయి. 1,700 ఏళ్ల కిందటి వరకు అట్లా పెరిగి, తర్వాత అవే నిలిచిపోయాయి. గుల్లలు ఇంకో మాట చెప్పాయి. గత మూడు వేల ఏళ్లలో, ముందెన్నడూ లేనంతగా సముద్రం ఉప్పెక్కిన కాలాలు వచ్చాయి. అంటే వానలు బాగా తగ్గిన కాలాలు.

గోదావరి నీళ్లు అనంతపురానివి కావు, నిజమే. కానీ అక్కడికీ ఇక్కడికీ ముంగారు వానలు తెచ్చే గాలి ఒకటే. పడమటి కొండలు ఆ మబ్బులను ముందే పిండుకుంటాయి. మిగిలిన పలుచని మబ్బులు అనంతపురం చేరతాయి. అందుకే ఇక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. నాలుగు వేల ఏళ్ల కింద మొదలైన ఎండుకాలానికి, నిన్న మెట్టినింట అడుగుపెట్టిన పిల్ల పాదం ఎట్లా కారణమవుతుంది?

అప్పటి మనుషులు ఏం చేశారు? వాన తగ్గుతున్న ఆ కాలంలోనే దక్కను నేల మీద ఊళ్లు స్థిరపడి సేద్యం పెరిగింది. అనంతపురం సీమలోని పాలవాయి దగ్గర ఆనాటి బూడిద దిబ్బ ఉంది. పశువుల పేడ కాలి ఏర్పడిన దిబ్బ అది. అటువంటి దక్షిణాది ఊళ్లలో తవ్వితే ఉలవలు, పెసలు, చిరుధాన్యాల గింజలు దొరికాయి. కొద్ది తడికే పండే పంటలవి. ఉలవచారు కాచే ఇంటికి ఆ రుచి అంత పాతది.

అయితే మనుషుల చేతి పని కూడా బురదలో కనబడింది. అదే కడ్డీని మళ్లీ చూసి, 2017లో ఇంకో సంగతి చెప్పారు. గత కొన్ని వేల ఏళ్లలో పై సీమల నల్లరేగడి మన్ను ఎక్కువెక్కువగా కొట్టుకుపోయి సముద్రంలో చేరింది. వాన తగ్గి చెట్టూచేమా పలచబడడం ఒక కారణం. అడవి కొట్టి సేద్యం పెంచడం ఇంకో కారణం. నేల మీద కప్పు లేకపోతే, పడిన ఒక్క వానకే పైమన్ను పోతుంది.

బురద అన్నీ చెప్పలేదు. ఫలానా ఏడు వాన వచ్చిందా రాలేదా అంటే దానికి తెలియదు. వచ్చే ఏటి సంగతి అసలే చెప్పదు. పదుల ఏళ్లు, వందల ఏళ్ల లెక్కే దాని లెక్క.

ఇటువంటి కడ్డీని పైకి తీశాక నిలువునా రెండు చీలికలు చేస్తారు. ఒక సగాన్ని పరీక్షలకు వాడతారు. రెండో సగాన్ని ముట్టరు. గుర్తులు రాసి, చుట్టి, చల్లటి గదిలో దాచిపెడతారు. రేపు ఎవరికైనా కొత్త ప్రశ్న తోస్తే అడగడానికి.