ముందు పెద్దవాడి సీటు

తల్లిగారింట్లో కాన్పు, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తగారింటికి ప్రయాణం, ఏడాది తిరిగాక వేములవాడలో పుట్టు వెంట్రుకలు, ఆ తర్వాత బాసరలో అక్షరాభ్యాసం. మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పిల్లలు ప్రయాణాలు చేస్తూనే పెరుగుతారు. ఒకప్పుడు ఇవన్నీ బస్సుల్లో సాగేవి. ఇప్పుడు సొంత కారో, కిరాయి కారో. రాజీవ్ రహదారి మీద, నిర్మల్ దాటి ఆదిలాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద బండి ఎంత వేగంగా పోతుందో మనకు తెలుసు. బిడ్డను తీసుకుపోయే పద్ధతి మాత్రం అమ్మమ్మల నాటిదే: ఒళ్ళో పెట్టుకుని, కొంగు కప్పి.

ఆ ఒడిలో ప్రేమకేం తక్కువ లేదు. తక్కువైంది బలమే. యాభై కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో గుద్ది ఉన్నచోట ఆగిపోతే, లోపలున్న పది కిలోల బిడ్డ అదే వేగంతో ముందుకు పోతుంది. ఆ బిడ్డను ఆపడానికి దాదాపు రెండు క్వింటాళ్ళను పట్టి ఆపేంత బలం కావాలి. ఐకేపీ సెంటర్లో కాంటా వేసే వడ్ల బస్తాలు ఐదు ఒక్కసారిగా మీదికి వస్తే చేతులతో ఆపగలమా? పోనీ అని తల్లీబిడ్డలిద్దరికీ కలిపి ఒకే బెల్టు పెడితే, బెల్టుకూ తల్లికీ మధ్య బిడ్డ నలిగిపోతుంది. ఇక ముందు సీటు సంగతి. కేరళలోని మలప్పురం జిల్లాలో 2024 సెప్టెంబర్‌లో ముందు సీట్లో తల్లి ఒళ్ళో ఉన్న రెండేళ్ళ పాప ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడంతో ప్రాణం కోల్పోయింది. పెద్దవాళ్ళను కాపాడటానికి పెట్టిన సంచి అది. పసిబిడ్డకు అదే గండం.

భయపెట్టాలని చెప్పడం లేదు. ఈ భయానికి మందు బజారులోనే దొరుకుతుంది కాబట్టి చెబుతున్నాను. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టుగానీ, వాళ్ళ వయసుకు తగిన సీటుగానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ కూడా వచ్చింది. అయినా జరిమానాకు భయపడి కొనే వస్తువు కాదిది.

ఇంట్లో రెండేళ్ళ బాబు ఉండి, రెండో కాన్పు దగ్గర పడుతుంటే తల్లిదండ్రులు నన్ను అడిగేది దాదాపు ఒకే మాట: "సార్, పుట్టబోయే బిడ్డకు ఏ సీటు కొనాలి?" పెద్దవాడి గురించి అడిగేవాళ్ళు తక్కువ. చాలా ఇళ్ళలో లెక్క ఇలా ఉంటుంది. వాడి సీటు ఎలాగూ ఉంది, అది చిన్నదానికి ఇచ్చేద్దాం, వాడు పెద్దోడయ్యాడు కదా, నాయనమ్మ పక్కన కూర్చుంటాడు.

వాడి వైపు నుంచి ఒక్కసారి చూద్దాం. రెండేళ్ళవాడికి ఈ లోకంలో తనవంటూ ఉండేవి నాలుగైదే. తన గ్లాసు, తన దుప్పటి, అమ్మకు ఏ పక్కన పడుకుంటాడో ఆ పక్క, కారులో తన సీటు. చెల్లె పుట్టగానే అమ్మ పక్క పోయింది. ఒడి పోయింది. ఇరవై ఒకటో రోజు పండుగకు వచ్చిన చుట్టాలంతా వాణ్ణి దాటుకుని తొట్టెల దగ్గరికే పోయారు. "నువ్వు పెద్దోడివి కదరా" అనే మాట పొద్దున లేచినప్పటి నుంచి వింటూనే ఉన్నాడు. అదే వారంలో వాడి సీటు కూడా తీసి చెల్లెకు ఇచ్చామనుకోండి, బెల్టు పెట్టబోతే నడుము పైకెత్తి బిర్రబిగుసుకుపోతాడు. చేతులు విదిలిస్తాడు. మనకది మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి వాడికి చెప్పడానికి మాటలు రాని దుఃఖమది.

అందుకే ముందు పెద్దవాడికి కొనండి. తల్లికి ఏడో నెల ఉన్నప్పుడే, వాణ్ణి కూడా దుకాణానికి తీసుకుపోయి కొనండి. రెండు రంగులుంటే వాణ్ణే ఎంచుకోనివ్వండి. ఇంటికొచ్చాక వాడి బొమ్మకు వాడితోనే బెల్టు పెట్టించండి. బకిల్ "టక్" మన్నప్పుడు వాడి ముఖం చూడాలి! పాత చిన్న సీటు పక్కన ఖాళీగా ఉండనివ్వండి. అందులో కూర్చునేవాళ్ళు త్వరలో వస్తారని రోజూ ఒక మాట చెబుతుంటే చాలు. చెల్లె వచ్చేనాటికి తన సీటు పోయిందన్న బాధ వాడికి ఉండదు. ఆ సీటు ఎప్పుడో తనకు చిన్నదైంది.

ఇప్పుడు ఏ సీటు అన్న మాట. పుట్టినబిడ్డ ఒంటి పొడవులో పావు వంతు తలే. మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. అందుకే కారు వెనుక అద్దం వైపు బిడ్డ ముఖం ఉండేలా సీటు బిగించాలి. అప్పుడు గుద్దుకున్న ఊపును వీపంతా పంచుకుంటుంది, ఒక్క మెడ మీదే పడదు. పుట్టినప్పటి నుంచి 13 కిలోల దాకా పనికొచ్చే సీట్లు ఒక రకం. అటూ ఇటూ తిప్పి 18 కిలోల దాకా వాడుకునేవి ఇంకో రకం. పెద్దవాడికి ఈ రెండోది మేలు. ఐరోపా ఆర్129 నిబంధన ప్రకారం కనీసం 15 నెలల దాకా వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలి. సీటు మోయగలిగినంత కాలం అలాగే ఉంచమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018 నుంచి చెబుతోంది. "కాళ్ళు ముడుచుకుపోతాయి సార్" అంటారు. నిజమే, ముడుచుకుంటాయి. పిల్లలకు అదేం ఇబ్బంది కాదు, నేల మీద కూడా మఠం వేసుకునే కూర్చుంటారు కదా.

సీటు మీద ఆర్44/04 అనో, ఆర్129 అనో, మన ఏఐఎస్-072 అనో రాసి ఉందా చూడండి. అది లేనిది ఎంత మెత్తగా ఉన్నా వద్దు. డబ్బులిచ్చే ముందు మన కారులో ఒకసారి బిగించి చూపించమనండి. ఖరీదు కన్నా ఇది ముఖ్యం. కొత్త కార్లలో వెనుక సీటు వీపుకూ అడుగుకూ మధ్య సందులో ఐసోఫిక్స్ కొక్కేలుంటాయి, ఎక్కువగా రెండు పక్కలకే. పాత కారైనా, కిరాయి కారైనా బెల్టుతో బిగించే సీటే తీసుకోవాలి. చిన్న కారులో రెండు సీట్లు పెడితే మధ్యలో సన్నగా ఉన్నవాళ్ళు ఒక్కరే పడతారు. ఏడుగురం ఒకే బండిలో వేములవాడ పోయే అలవాటు మానుకోక తప్పదు. ఇది కష్టమైన మాటే, తెలుసు. చుట్టాల ఇంటి నుంచి తెచ్చిన సీటైతే అది ఎప్పుడైనా ప్రమాదంలో ఉందా, అడుగున ముద్రించిన గడువు దాటిందా అని మొహమాటపడకుండా అడగండి.

భుజం మీది పట్టీని రెండు వేళ్ళతో పట్టి చూడండి. మడత పడితే వదులుగా ఉన్నట్టు. ఆదిలాబాద్ చలికి మందపాటి స్వెట్టర్ వేసి దాని మీద పట్టీ బిగిస్తే మనకు గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది, ప్రమాదంలో ఆ ఉన్ని అణిగిపోయి బిడ్డ జారిపోతుంది. పల్చని బట్టల మీద పట్టీ పెట్టి, పైన దుప్పటి కప్పండి. పసిబిడ్డ గడ్డం ఛాతీకి ఆనకుండా చూసుకోవాలి, ఊపిరికి అడ్డమవుతుంది. మొదటి నెలలో అరగంటకోసారి బండి ఆపి బయటికి తీయాలి. తర్వాత కూడా ఏకబిగిన రెండు గంటలు దాటొద్దు. కరీంనగర్ నుంచి హైదరాబాద్ పోతుంటే సిద్దిపేటలో ఆగండి, పెద్దవాళ్ళు చాయ తాగొచ్చు. ఎండాకాలం ఎక్కే ముందు ఇనుప బకిల్‌ను చేత్తో తాకి చూడండి, కాలి ఉంటుంది.

ఇక నాయనమ్మ. "పసిగుడ్డును కట్టేస్తారా?" అంటుంది. ఆమెతో వాదన వద్దు. ఆ రెండు సీట్ల మధ్య చోటు ఆమెకే ఇవ్వండి. ఒక చెయ్యి మనవడి మీద, ఒక చెయ్యి మనవరాలి మీద వేసుకుని కూర్చోవచ్చు, ఆమె కూడా బెల్టు పెట్టుకుని. ఒడి తప్పింది గానీ బిడ్డలకు ఆమె దూరం కాలేదు.

పెద్దవాడు మొదట్లో ఏడుస్తాడు. ఏడవనివ్వండి. పాట పాడండి, ఇంకెంత దూరమో చెప్పండి, మరీ ఆగకపోతే పక్కకు ఆపి ఎత్తుకోండి, మళ్ళీ సీట్లోనే కూర్చోబెట్టి బయల్దేరండి. నడుస్తున్న బండిలో మాత్రం ఒక్కసారి కూడా తీయొద్దు. ఒక్కసారి తీస్తే, ఏడిస్తే తీస్తారని వాడికి తెలిసిపోతుంది. మొదటి ప్రయాణాలు కూరగాయల మార్కెట్ దాకా చాలు.

కారు లేదు, బైకే ఉందనేవాళ్ళూ ఉన్నారు. నాలుగేళ్ళలోపు పిల్లలను బైకు మీద తీసుకుపోతే నడిపేవారికి కట్టే సేఫ్టీ హార్నెస్, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటొద్దు అన్న నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దూరప్రయాణానికి మాత్రం బస్సే మేలని నా మాట.

రెండో కాన్పు తేదీ చేతిలో ఉన్నవాళ్ళు ఈ వారమే ఒక పని చేయండి. ఆస్పత్రి నుంచి బిడ్డను ఇంటికి తెచ్చే రోజు కారు ఎవరు నడుపుతారో, మేనమామో చిన్నాన్నో, అతన్ని ఆ సీటు ఒకసారి బిగించి, విప్పి, మళ్ళీ బిగించి చూపించమనండి.