పులిజూదానికి దీపాలు

బస్తరు ప్రాంతపు ఆవపల్లిలో మీకు వడ్రంగం, మీ తమ్ముడికి సెల్‌ఫోన్ రిపేరు వచ్చి ఉంటే, ఇద్దరూ కలిసి చేయగల సరుకు ఒకటుంది: వెలిగే, పలికే పులిజూదం. 3 పులులు, 15 మేకలు, 23 స్థానాలు మనకు తెలిసినవే. దానికి కాస్త మాయ కలపండి. ప్రతి ఆటకూ పలక తనకు తానే ఒక స్థానాన్ని మాయగుంటగా ఎంచుకొని గుట్టుగా ఉంచుతుంది. అందులో కాలుపెట్టిన పులి ఒక ఎత్తు వదులుకోవాలి, మేకైతే తిరిగి చేతికి వచ్చేస్తుంది.

సామాను కొనకముందే నేలమీద సుద్దతో గీసి, చింతగింజలతో ఆడి చూడండి. మూడో మనిషి చీటీలో గుంట రాసుకొని కూర్చుంటే చాలు, రేపు సర్క్యూట్ చేసేదీ అదే. చీటీతో రక్తి కట్టని ఆట దీపాలు పెట్టినా కట్టదు.

తర్వాత ప్రతి స్థానం కింద అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే ఒక రీడ్ స్విచ్, ప్రతి కాయ అడుగున ఒక అయస్కాంతం. చాలామంది విసిగిపోయేది ఇక్కడే. స్విచ్‌ను పడుకోబెట్టి, సరిగ్గా దాని నడుమకు పైన బిళ్ళ అయస్కాంతం ఉంచితే అది కలవకపోవచ్చు. కాయ ఒక కొస మీదికి వచ్చేలా స్విచ్‌ను పక్కకు జరపాలి. దాని ఒళ్ళు గాజు కాబట్టి, కాలు వంచేటప్పుడు గాజుకూ వంపుకూ మధ్య పకారుతో పట్టుకోండి. స్విచ్‌లను 5 అడ్డం, 5 నిలువు వరసలుగా కలిపితే పలకను నడిపే ఆర్డ్యుయినో నానో బోర్డుకు 10 పిన్నులు చాలు. ఒక్కో స్విచ్‌కు ఒక డయోడ్ వేయకపోతే మాత్రం లేని కాయలు ఉన్నట్టు కనబడతాయి.

పులులను బస్తరు ఢోక్రా పనివాళ్ళతో పోయించుకోవచ్చు. ఇత్తడి అయస్కాంతానికి అడ్డురాదు. బస్తరు ఇనుప పని ఎంత అందమైనదైనా ఈ పలక మీద వద్దు.

మాటలకు డీఎఫ్ ప్లేయర్ మినీ అనే ఎంపీ3 బోర్డు చవకైనది. మెమరీ కార్డులో 01 ఫోల్డరులో తెలుగు, 02లో గోండి, 03లో హల్బీ పెట్టుకుంటే ఒకే పలక మూడిళ్ళలోనూ పలుకుతుంది. కరెంటుకు పవర్ బ్యాంకు వాడితే ఒక చిక్కు: వాడకం మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. అందుకే ఎత్తు ఆలోచిస్తున్నప్పుడు కూడా కొన్ని దీపాలు సన్నగా వెలుగుతూ ఉండాలి.

అమ్మే ముందు చట్టం చూసుకోండి. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తివాళ్ళు స్వయంగా చేసి అమ్మే సరుకుకు మినహాయింపు ఉంది. అందుకే ముందు ఆ నమోదు కార్డు సంపాదించండి. మినహాయింపు ఉంది కదా అని అయస్కాంతాన్ని ఉత్త జిగురుతో అంటించకండి. పిల్లలు రెండు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకొని ప్రాణం మీదికి తెస్తాయి. కాయకు తొలిచిన గుంటలో దించి, పైన చెక్క బిరడా బిగించండి. పలక అడుగు చెక్కను మాత్రం మరలతోనే బిగించండి, రిపేరుకు మీ తమ్ముడే విప్పాలి.