రెండు లీటర్ల పెట్టెలో కంప్యూటరు

ప్రవేశిక: కంప్యూటరు వాడటం మీలో చాలామందికి తెలుసు. దానిని భాగాలుగా కొని ఇంట్లోనే బిగించుకోవచ్చునని తెలుసా? 1975లో అమెరికాలో వచ్చిన ఆల్టెయిర్ 8800 కంప్యూటరును చాలామంది విడిభాగాలుగానే తెప్పించుకొని బిగించుకున్నారు. దానితో తెర, కీబోర్డు వచ్చేవి కావు. ముందువైపు స్విచ్చులు, చిన్న దీపాలు మాత్రం ఉండేవి. నేటి కిట్ ఎలా ఉంటుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

బెంగళూరు కాటన్‌పేటలో ఒక ఇరుకు సందు. ఆ సందులో ఒక గది, వంటిల్లు మాత్రమే ఉన్న ఇల్లు. నాన్న బట్టల అంగడిలో పని చేస్తారు. అమ్మ ఇంట్లోనే రవికెలు కుడుతుంది. అక్క డిప్లొమా, తమ్ముడు ఏడో తరగతి చదువుతున్నారు. అక్క చదువుకు కంప్యూటరు కావాలి. కాని కుట్టు మిషను పోగా ఇంట్లో మిగిలింది ఒక చిన్న బల్లే. మేనమామ ఇచ్చిన పాత మానిటరుతోనే అది సగం నిండిపోయింది.

"తయారైనదే కొందామమ్మా! చెడిపోతే కంపెనీవాళ్ళే చూసుకుంటారు" అన్నారు నాన్న. ఏడాదిపాటు చీటీ కట్టి కూడబెట్టిన డబ్బు అది.

"విడిభాగాలకూ వారంటీ ఉంటుంది నాన్నా! ఒక భాగం చెడితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు" అంది అక్క. కావలసిన భాగాల జాబితా ముందే రాసిపెట్టుకుంది.

శనివారం ముగ్గురూ నడిచి ఎస్.పి. రోడ్డుకు వెళ్ళారు. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు బెంగళూరులో పేరుపొందిన వీధి అది. అంగడివాడు ఒక కిట్ తీసి చూపించాడు. పెట్టె లోపలి చోటు సుమారు రెండు లీటర్లు. అందులో మదర్‌బోర్డు ఉంది. కరెంటు ఇచ్చే అడాప్టరు విడిగా ఉంది.

"తక్కినవి ఏవక్కా?" అన్నాడు తమ్ముడు.

"అవి మన అవసరాన్ని బట్టి మనమే కొనాలి. లెక్కలు చేయడానికి ప్రాసెసరు, పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని పట్టి ఉంచడానికి మెమరీ, కరెంటు పోయినా దాచి ఉంచడానికి ఎస్.ఎస్.డి. కావాలి."

మామూలు ఏ.టి.ఎక్స్. మదర్‌బోర్డు పొడవు 30.5 సెం.మీ., వెడల్పు 24.4 సెం.మీ. ఇటువంటి కిట్లలో వాడే మినీ ఎస్.టి.ఎక్స్. బోర్డు పొడవు 14.7 సెం.మీ., వెడల్పు 14 సెం.మీ. మాత్రమే. చిన్న ఆకారం వల్ల ఇబ్బందులూ ఉన్నాయి. తరువాత పెద్ద గ్రాఫిక్స్ కార్డు చేర్చుకోవడానికి చోటుండదు. గాలి ఆడే చోటు తక్కువ కనుక ఎక్కువ వేడెక్కే ప్రాసెసరు పనికిరాదు.

పక్క అంగడిలో మెమరీ చౌకగా కనిపించింది. "ఇది కొందాం!" అని తమ్ముడు తొందరపెట్టాడు.

"ఇది పెద్ద కంప్యూటర్లలో వాడే పొడుగు మెమరీ. మన బోర్డుకు లాప్‌టాప్‌లో వాడే పొట్టిదే కావాలి. ఇంటికి వెళ్ళాక పట్టకపోతే డబ్బు దండగే కదరా!" అంది అక్క. ప్రతి భాగాన్నీ జాబితాతో సరిచూశాకే నాన్న డబ్బు ఇచ్చారు. బిల్లులు మడిచి జేబులో దాచుకున్నారు.

ఇంటికి వచ్చాక అక్క, తమ్ముడు ముందుగా ఒక లోహపు వస్తువును తాకారు. ఒంటిలోని స్థిరవిద్యుత్తు తగిలితే సున్నితమైన భాగాలు చెడిపోతాయి. అక్క ప్రాసెసరు మూలనున్న గుర్తును బోర్డుమీది గుర్తుతో కలిపి, నొక్కకుండా కూర్చోబెట్టింది. దానిపై కందిగింజంత థర్మల్ పేస్టు వేసి ఫ్యాను బిగించింది. ఎస్.ఎస్.డి.ని ఒక్క మరతో బిగించింది. మెమరీ పెట్టడం తమ్ముడి వంతు.

స్విచ్చి వేశారు. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. నాన్న ముఖం వాడిపోయింది. అక్క స్విచ్చి ఆపి, వైరు తీసి, ఒక్కొక్క భాగాన్నే పరీక్షించింది.

"మెమరీ పూర్తిగా కూర్చోలేదురా. నువ్వే సరిచెయ్యి."

తమ్ముడు మెమరీని ఏటవాలుగా లోపలికంటా దూర్చి, కిందికి వంచాడు. రెండు పక్కల కొక్కేలూ 'టక్'మని పట్టుకున్నాయి. ఈసారి తెరపై అక్షరాలు వెలిగాయి.

అక్క ఉచితంగా దొరికే లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుండి ఎక్కించింది. పెట్టెను మానిటరు వెనుకనే బిగించింది. బల్లమీద పుస్తకాలకు చోటు మిగిలింది.

"రేపు ఇది చెడిపోతేనో?" అన్నారు నాన్న.

"ఎక్కడ చూడాలో నాకు తెలుసు నాన్నా!" అన్నాడు తమ్ముడు.

పదాలు – అర్థాలు
దండగ = వృథా ఖర్చు
మర = స్క్రూ
ఏటవాలుగా = ఒక పక్కకు వాలినట్లు
స్థిరవిద్యుత్తు = రాపిడివల్ల వస్తువులపై చేరి నిలిచే విద్యుత్తు

ప్రశ్నలు
1. తయారైన కంప్యూటరు కొందామని నాన్న ఎందుకన్నారు? అక్క ఏమని బదులు చెప్పింది?
2. మెమరీకి, ఎస్.ఎస్.డి.కి భేదమేమి?
3. చిన్న పెట్టె వల్ల కలిగే లాభాన్నీ, ఇబ్బందులనూ రాయండి.
4. మీ ఇంట్లో బాగుచేసి వాడుకున్న ఒక వస్తువు గురించి ఐదు వాక్యాలు రాయండి.