గొల్లపల్లి నీళ్లలో మొదలుపెట్టు

అమ్మీ,

సోనార్‌తో నది చేపల మీద పరిశోధన చేస్తానని నువ్వు రాసిన ఉత్తరం హిందూపురం చేరింది. దాన్ని పొద్దున్నుంచి ఇంటికొచ్చినవాళ్లందరికీ చదివి వినిపిస్తున్నాను. ధర్మవరం పిల్ల నీళ్ల చదువు చదువుతానంటే మాటలా! అయితే పరికరం చేతికి రాకముందే ఒక సంగతి మనసులో పెట్టుకో: సోనార్ చేప ఉందని చెబుతుంది గానీ దాని పేరు చెప్పలేదు.

పడవ అంచున బిగించిన పరికరం నీళ్లలోకి శబ్దం పంపుతుంది. మంచినీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,480 మీటర్లు పోతుంది కాబట్టి 10 మీటర్ల లోతు తాకి రావడానికి రెప్పపాటు కూడా పట్టదు. చేపను తాకి వచ్చే ప్రతిధ్వనిలో ఎక్కువ భాగం దాని ఒంట్లోని గాలితిత్తిదే. అందుకే ఒకే పొడవున్న బొచ్చెకూ శీలావతికీ తెరమీద తేడా పట్టడం కష్టం. అడుగున బురదను ఆనుకుని ఉండే చేప ప్రతిధ్వని నేల ప్రతిధ్వనిలోనే కలిసిపోతుంది. వాలుగ అలాంటిదే. చెరువుల్లో ఎప్పుడూ దొరికేదేగా అనుకునే ఆ వాలుగను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ముప్పున్న జాతుల్లో చేర్చింది.

చైనాలో జరిగింది విను. 2003 జనవరిలో యాంగ్సీ నదిలో చైనా ప్యాడిల్‌ఫిష్ అనే చేప ఒకటి వలకు చిక్కింది. వెయ్ చీవెయ్ అనే శాస్త్రవేత్త బృందం దానికి శబ్దసంకేతాలు పంపే ట్యాగు కట్టి నదిలో వదిలింది. వెంటాడుతుండగానే జాడ పోయింది. 2006 నుంచి 2008 దాకా సోనార్లతో, వలలతో నదిని గాలించారు. అదేనేమో అనిపించే ప్రతిధ్వనులు తెరమీద కనిపించాయి. చేప మాత్రం ఒక్కటీ దొరకలేదు. ఆ జాతి అంతరించిందని 2022లో ఐయూసీఎన్ ప్రకటించింది. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుందమ్మా. అంత మంచి పరికరాలు, అంత ఆలస్యంగా.

ఇక మన సంగతి. నందిదుర్గం కొండల్లో పుట్టి హిందూపురం దగ్గర రాష్ట్రంలోకి వచ్చే పెన్నలోనూ, ధర్మవరం చెరువుకు నీళ్లిచ్చే చిత్రావతిలోనూ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. సోనార్‌కు లోతు కావాలి. కాబట్టి పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుతో మొదలుపెట్టు. హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నుంచి వచ్చిన కృష్ణ నీళ్లు అక్కడ నిలుస్తాయి. అన్ని పంపులు దాటి కృష్ణ చేపలు కూడా వచ్చాయా? వస్తే పెన్న చేపల గతేంటి? ఈ ఒక్క ప్రశ్న నీకు ఏళ్ల తరబడి పని పెడుతుంది.

రాత్రిపూట తిరుగు. పగలు గుంపుగా ఉండే చేపలు చాలావరకు చీకట్లో విడిపోతాయి, లెక్క తేలిక. ఇంజను పడవకన్నా తెడ్డేసే పుట్టి మేలు, ఇంజను లేపే బుడగలు తెరమీద చేపల్లాగే కనిపిస్తాయి. అదే రాత్రి, అదే చోట జాలరితో వల వేయించు. పడిన ప్రతి చేపనూ కొలిచి, ఆయన పిలిచే పేరు ముందు రాసుకో, శాస్త్రీయ నామం తర్వాత. మత్స్యశాఖ అనుమతి కాగితం దగ్గరుంచుకో. ఈత వచ్చని ధైర్యపడి లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం పుట్టి ఎక్కొద్దు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన